బదిలీ దగ్గు

మలేసియా నుంచి వచ్చిన డాక్టరు చదువుల పిల్ల పైడమ్మను పోయిన వారం మనం మైక్రోస్కోపు ముందు నోట మాట రాకుండా కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంచడం మర్యాద కాదు. జరిగింది ఒక్కసారి చెప్పుకుని ముందుకు పోదాం. చదువు మధ్యలో దొరికిన సెలవుల్లో, గోదావరిఖని బస్తీ దవాఖానలో ఊరికే సేవ చేస్తానని ఆమె సముద్రం దాటి వచ్చింది. ఇంటింటికీ ఒక చిన్న డబ్బీ ఇచ్చి, పొద్దున లేవగానే దగ్గితే వచ్చే తెమడను అందులో పట్టి తెమ్మని, అందులో క్షయ ఉందో లేదో చూడడం ఆమె పని. బొగ్గు నింపే సదయ్య పేరున్న డబ్బీలో క్షయ పురుగులు కుప్పలుగా కనిపించాయి. మందులు మొదలు పెడదామని పిలిచి ఫోటో తీయిస్తే ఛాతీ శుభ్రంగా ఉంది. ఎదురుగా కూర్చోబెట్టి మళ్లీ ఉమ్మించి చూస్తే ఒక్క పురుగు కూడా లేదు.

అంటే మొదటి డబ్బీలో ఉన్నది సదయ్యది కాదు. మరి ఎవరిది? ఆ మనిషి ఎవరో, ఏ ఇంట్లో దగ్గుతున్నాడో, ఎవరి పక్కన పడుకుంటున్నాడో తెలియదు. తెలిసిన మనిషి ఒక్క సదయ్యే. ఆయన నోరు విప్పడం లేదు.

అందుకే ఆ రోజు మధ్యాహ్నం మొదటి షిఫ్టు దిగి మనిషి ఇల్లు చేరే వేళకు పైడమ్మ ఆయన క్వార్టరు గుమ్మం ముందు నిలబడింది. పక్కన దవాఖాన నర్సు కుబ్రా బేగం ఉంది. ఈ బస్తీలో ఏ ఇంటి తలుపు ఎలా తట్టాలో పైడమ్మకు నేర్పింది కుబ్రాయే. కుబ్రాకు భయపడని మగవాడు ఆ వీధిలో లేడని అంటారు. భయపడే వాళ్లు కూడా ఆమెను చూస్తే సంతోషపడతారు, అది వేరే సంగతి.

సదయ్య అప్పుడే స్నానం చేసి నులక మంచం మీద కూర్చున్నాడు. ఎంత రుద్దినా కనురెప్పల అంచున బొగ్గు పోలేదు. మోకాళ్లకు నూనె రాసుకుంటున్న వాడల్లా వీళ్లను చూసి చెయ్యి ఆపాడు.

"రా బిడ్డా, కూసో. ఏంది గిట్ల ఎండల వచ్చిన్రు? ఐలవ్వా, ఛాయ్ పెట్టు."

"టీ ఒద్దండి సదయ్య గారూ. ఒక్క మాట అడగడానికొచ్చాను. ఆ మొదటి డబ్బీలోది ఎవులిదండి?"

పైడమ్మ తాత శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల్లో పనికి ఓడెక్కి పోయిన మనిషి. ఆయన మూట కట్టుకుపోయిన తెలుగునే మనవరాలు ఇక్కడికి తెచ్చింది. వచ్చిన మొదటి వారం ఆమె మాట వినడానికి పిల్లలు దవాఖాన కిటికీలకు వేలాడారు. ఇక 'గారూ' అన్న మాటైతే, యూనియన్ ఎన్నికలప్పుడు తప్ప సదయ్యను ఎవరూ అన్న పాపాన పోలేదు. ఇంకో రోజైతే నవ్వేవాడే. ఇవాళ నవ్వలేదు.

"నాదే బిడ్డా. దాని మీద నా పేరు లేదా?"

"పేరు మీదే. లోపలున్నది మీది కాదు."

"ఒకనాడు ఉంటది, ఒకనాడు ఉండది. గీ మోకాళ్ల నొప్పి సూడు, ఒక పూట లేస్తది, ఒక పూట పంటది. గట్లనే అనుకోరాదు?"

"క్షయ అలాగ ఉండదండి. ఉందంటే ఉంటది. మందు తినకపోతే మనిషిని తినేస్తది." పైడమ్మ గొంతు పెరిగింది. "ఆ మనిషి ఇంట్లో చంటిపిల్ల ఉందనుకోండి. ఎత్తుకుని ముద్దెట్టుకున్నాడనుకోండి. ఆ పిల్ల ఏటవుద్దో మీకు తెల్సా? తిండి లాగదు, బరువు పెరగదు, ఓ రోజు ఫిట్లు వస్తాయి. అప్పుడు దవాఖానకు తెస్తారు. అప్పుడు నేను చేసేదేటీ ఉండదు."

సదయ్య నూనె గిన్నెను మంచం కింద పెట్టాడు. తీసి మళ్లీ పక్కన పెట్టాడు. పొయ్యి దగ్గర ఐలవ్వ గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆమె వింటున్నదని ముగ్గురికీ తెలుసు.

కుబ్రాకు ఓపిక అయిపోయింది. "సదయ్య కాకా, నీ మోకాళ్ల ముచ్చట నాకెరుకే గని, అసలు సంగతి జల్ది చెప్పు. డబ్బీ ఎవరికాడ తెచ్చినవ్? నేను ఇంటికి పోవాలె. మా తమ్ముడు కుతుబు ఇయ్యాల సౌదీకని రైలెక్కుతున్నడు."

సదయ్య తల పైకెత్తాడు. "ఇయ్యాలనా? శుక్రారం అన్నడు గద?"

"టికెట్ ముందుగాల దొరికింది. బొంబాయి ఏజెంటు జల్ది రమ్మన్నడట. ఈపాటికి టేషనుకు పోయిండ్రు. నేను నేరుగ గాడికే పోత."

పైడమ్మ సదయ్య ముఖమే చూస్తూ ఉంది. నెల రోజులుగా మనుషుల ముఖాలు చూడడం ఆమెకు అలవాటైంది. జబ్బు ఉందని చెప్పినప్పుడు మనుషులు ఎలా చూస్తారో తెలుసు. ఇప్పుడు సదయ్య అలాగే చూస్తున్నాడు, కాకపోతే ఆయన చూపు కుబ్రా మీద ఉంది.  అడగాలంటేనే పైడమ్మకు భయం వేసింది.

"ఇగ చెప్పరాదయ్యా!" వంటింట్లోంచి ఐలవ్వ అరిచింది. "ఎంతసేపు దాస్తవ్? పోరడు రైలెక్కినంక చెప్తవా?"

"నువ్వు నోర్ముయ్!"

"నేనెందుకు మూస్త? ఒద్దని ఆనాడే చెప్పిన." ఐలవ్వ బయటికి వచ్చి పైడమ్మకు ఎదురుగా నిలబడింది. "బిడ్డా, నా కొడుకు కొమురెల్లి పది పాసై ఐదేండ్లాయె. హోటల్ ముంగట కూసుంటడు, ఇంటికొచ్చి పంటడు. ఈయనకు కంపెనీ డాక్టర్ల బోర్డు అన్‌ఫిట్ రాసిస్తెనే ఈయన జాగల వానికి నౌకరి. మోకాళ్లు పోయినయంటే బోర్డుల ఎవడు ఇంటడు? ఊపిరితిత్తులు పోయినయంటేనే రాస్తరట. ఈయన ఊపిరితిత్తులకు ఏం కాకపాయె!"

ముప్పయ్యేళ్లు బొగ్గు నింపిన మొగుడికి ఊపిరితిత్తులు చెడనందుకు ఒక ఇల్లాలు ఇంత బాధపడడం పైడమ్మ ఏ పుస్తకంలోనూ చదవలేదు. జాలి వేసింది, ఒళ్లూ మండింది. రెండూ ఒకేసారి వచ్చాయి.

సదయ్య లేచి నిలబడ్డాడు. మోకాళ్లు పట్టుకుని, గోడ ఆసరాతో.

"కుబ్రమ్మా, నన్ను కొట్టినా పడుత," అన్నాడు. "గా డబ్బీ కుతుబుది."

కుబ్రా నవ్వింది. "ఝూట్. మా కుతుబు డబ్బీ మంచిగనే ఉన్నది. పైడమ్మే చూసింది. చెప్పు పైడమ్మా."

 నిజమే, కుతుబుద్దీన్ డబ్బీని చూసింది పైడమ్మే. దవాఖాన అరుగు మీద పదిమంది ముందు అతని భుజం తట్టి, "నీకేటీ లేదు, దర్జాగా ఎల్లిరా" అన్నదీ ఆమే. ఆ సాయంత్రం వాళ్లింటి నుంచి గిన్నెడు సేమియా పాయసం వచ్చింది. ఆమె గిన్నె నాకి మరీ తిన్నది.

"మంచిగ ఉన్నది నాది," అన్నాడు సదయ్య. "వాని పేరు మీద పోయింది నా తెమడ. నా పేరు మీద పోయింది వానిది. అరుగు మీద కూసొని మార్చుకున్నం. సౌదీకి పోవాలంటే ఏజెంటు దవాఖాన మాట అడిగిండట. వానికేమో దగ్గు తగ్గకపాయె. వానికి మంచి డబ్బీ కావాలె, నాకు చెడ్డ డబ్బీ కావాలె. మా బొగ్గు బాయి మీద ఒకడు రాకపోతే వాని జాగల ఇంకొకడు దిగుతడు, బదిలీ అంటం. దాంట్ల తప్పేమున్నది? పని ఆగది, ఇద్దరిండ్లల్ల పొయ్యి మండుతది. గిది గూడ గట్లనే అనుకున్నం."

"కాకా!" అంది కుబ్రా. 

"నేను చెడు తలువలె కుబ్రమ్మా. మీ అబ్బా గులాం అలీ బాయిల పైకప్పు కూలి పోయిననాడు కుతుబును ఈ భుజం మీద ఏసుకొని తెచ్చిన. వానికి చెడు చేస్తనా? వెల్డింగు పొగకు, గీ బొగ్గు దుమ్ముకు దగ్గు అనుకున్న. సౌదీల బొగ్గేడిది? మంచి ఎండ, మంచి గాలి. నెలల నయమైతది అనుకున్న."

కుబ్రా గుమ్మం మీద కూలబడింది. రోజుకు ఇన్ని ఇళ్లు తిరిగి, ఎవరికన్నా దగ్గుందా అని అడిగే మనిషి ఆమె. తన ఇంట్లో తెర అవతల తమ్ముడు దగ్గుతుంటే వెల్డింగు పొగ అంటే నమ్మింది. మిరియాల కషాయం కాచి ఇచ్చి నిద్రపోయింది. అమ్మా నాన్నా లేని పిల్లవాడిని తన చేతులతో పెంచింది, ఆ చేతులే ఇప్పుడు తల బాదుకున్నాయి.

"పిల్ల!" అంది ఉన్నట్టుండి. "పైడమ్మా, మా మరదలు షహజాదీ బిడ్డకు ఇంక నెల గూడ నిండలె. పొద్దుందాక వాని ఒడిలనే ఉంటది."

ఆ తర్వాత ఆలోచించడానికి ఎవరూ ఆగలేదు. పైడమ్మ రోడ్డు మీదికి ఉరికి, రామగుండం పోయే జీపుకు అడ్డంగా నిలబడింది. డ్రైవరు తిట్టబోయి, మలేసియా డాక్టరమ్మను చూసి ఊరుకున్నాడు. ఇద్దరు ఆడవాళ్లు ఎక్కాక మూడో మనిషి చెయ్యి జీపు కమ్మీని పట్టుకుంది. సదయ్య. ఒంటి మీద కమీజు లేదు, లుంగీ, భుజాన తువ్వాలు.

"నేను చెప్తెనే నమ్ముతడు," అన్నాడు.

"పదిమందిల చెప్తే మీ సంగతి అందరికీ తెలిసిపోద్ది," అంది పైడమ్మ. నిజానికి అది అనవలసిన సమయం కాదు. కానీ ఆయన ఏం పోగొట్టుకోబోతున్నాడో తెలిసే వస్తున్నాడా అని ఆమెకు తెలుసుకోవాలనిపించింది.

"తెలవనీ. రేపు బోర్డుల ఎవడూ నన్ను నమ్మడు, గంతే గద." ఆయన ముడుచుకుని కూర్చున్నాడు. 

స్టేషనులో కుతుబుద్దీన్‌ను వెతకనక్కర లేకపోయింది. మెడలో పూలదండ, చేతికి క్షేమంగా వెళ్లి రమ్మని కట్టిన ఇమామ్ జామిన్, కొత్త ప్యాంటు, పక్కన ఇనుప పెట్టె. వెల్డింగు షాపు దోస్తులు చుట్టూ చేరి నవ్విస్తున్నారు. అతని చేతుల్లో ఆకుపచ్చ గుడ్డలో పొత్తిళ్ల పిల్ల. అతను తల వంచి ఆ పిల్ల ముఖంలో ముఖం పెట్టి ఏదో చెబుతున్నాడు.

కుబ్రా పరుగున పోయి మాటా పలుకూ లేకుండా పిల్లను లాక్కుంది. నవ్వులు ఆగిపోయాయి.

"ఏమైంది ఆపా?" అన్నాడు కుతుబుద్దీన్ అక్కను చూసి.

కుబ్రా పిల్లను పట్టుకుని రెండడుగులు వెనక్కి జరిగింది. పైడమ్మకే చెప్పవలసి వచ్చింది. ఇంత కష్టమైన మాట ఆమె ఎన్నడూ చెప్పలేదు. తన యూనివర్సిటీలో దీనికి ఓ గంట పాఠం ఉంది. చెడ్డ కబురు మెల్లగా, ఏకాంతంగా, రోగిని కూర్చోబెట్టి చెప్పాలట. ఇక్కడ ప్లాట్‌ఫారం నిండా జనం, సిగ్నల్ పడిపోయింది.

"కుతుబుద్దీన్, నీకు క్షయ ఉంది. నీ అసలు డబ్బీ చూశాను. రైలెక్కొద్దు."

"మీరే అన్నరు గద డాక్టరమ్మా, ఏం లేదని? గింతమందిల అన్నరు!"

"అవును, అన్నాను. తప్పు చెప్పాను. అప్పుడు నేను చూసింది నీది కాదు."

"అది నాదిరా," అన్నాడు సదయ్య. లుంగీ మీద ఉన్న ముసలాయన అంత పెద్దగా అరిచేసరికి టీ అమ్మేవాడు కూడా తిరిగి చూశాడు. "మన ముచ్చట చెప్పేసిన కుతుబూ. నా డబ్బీని నమ్మి పోకు. అది దుమ్ము దగ్గు కాదట."

కుతుబుద్దీన్ ముఖం ఎర్రబడింది. దోస్తులు ఒక అడుగు వెనక్కి వేశారు. ఎవరూ కావాలని వేయలేదు, కాళ్లే వేశాయి. అది అతను చూశాడు. పైడమ్మ కూడా చూసింది. ఆ అడుగు చూసి ఆమెకు ఏడుపొచ్చింది.

"నీ కొడుకు నౌకరి ఏమైతది కాకా?" అన్నాడు కుతుబుద్దీన్.

"మన్నుల పోనీ."

"నీకేంది, మన్నుల పోనియ్యొచ్చు. నేనెట్ల పోనిస్త? నెలాఖరుకు వీసా ఖతం. బస్తీ బస్తీ వచ్చి దండేసింది. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకొని పోత?" అంటుండగానే దగ్గు తెర వచ్చింది. చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని, వంగి, ఆగేదాకా దగ్గాడు.  "అక్కడ మందులు దొరకయా? సౌదీల దవాఖానలు లేవా? తింట. అక్కడనే తింట."

"అక్కడ దిగీ దిగగానే ఛాతీ ఫోటో తీస్తారు," అంది పైడమ్మ. "చూసి తిప్పి పంపేస్తారు. ఇక్కడే ఉండి కొన్నాళ్లు మందు తిను. పోయే జబ్బు బాబూ ఇది. నయమయ్యాక ఎల్లు, నేనే చెప్తాను ఎల్లమని."

"మీరా? అప్పటికి మీరు ఏడ ఉంటరు డాక్టరమ్మా? మలేసియాల ఉంటరు."

 ఇంకో రెండు వారాలకు పైడమ్మ తిరుగు ప్రయాణం. ఇక్కడి మనుషులు ఇక్కడే ఉంటారు, తను సంచీ సర్దుకుని పోతుంది. ఆ సంగతి ఇన్నాళ్లూ ఎవరూ ముఖం మీద అనలేదు. నిజం కాబట్టి బాగా తగిలింది.

రైలు వచ్చేసింది. ఇనుప చక్రాల రొదలో కుబ్రా ఒక చేత్తో పిల్లను అదిమి, ఇంకో చేత్తో తమ్ముడి చెయ్యి పట్టుకుని తమ ఇంటి భాషలో బతిమాలింది, తిట్టింది, ఆఖరికి కాళ్లు పట్టుకోబోయింది. అతను ఆమెను లేపి, ఆమె చేతిని కళ్లకద్దుకుని, పెట్టె ఎత్తి రైలెక్కేశాడు. పైడమ్మ రైలు డబ్బా మెట్టు దాకా పోయింది. అక్కడ ఆగిపోయింది. వయసొచ్చిన మనిషిని, తన కాళ్ల మీద తను రైలెక్కిన మనిషిని, పరాయి దేశపు ఆడపిల్ల రెక్క పట్టి దింపుతుందా? దింపాలని మాత్రం ఉంది. ఎంత ఉందో చెప్పలేను.

గార్డు విజిల్ వేశాడు. రైలు కదిలింది.

అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడని మనిషి ఒకరున్నారు. కుతుబుద్దీన్ భార్య షహజాదీ. బురఖా ముసుగు వెనక్కి వేసుకుని, స్తంభాన్ని ఆనుకుని అంతా వింటూ నిలబడింది. బాలెంత అని ఆమెకు పైడమ్మ డబ్బీ ఇవ్వలేదు. అసలు ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. రైలు కదలగానే ఆమె స్తంభాన్ని వదిలి తలుపు వెంట నడవసాగింది. నడుస్తూ మొగుడి వైపు చూసి ఏదో అంది. రెండే రెండు మాటలు. అతనికి వినపడలేదు. నడక పరుగైంది. ఈసారి గొంతెత్తి, ఇంకా ఏవేవో కలిపి అరిచింది.

ఆ భాష పైడమ్మకు రాదు. వెనక్కి తిరిగి కుబ్రాను చూసింది. కుబ్రా పొత్తిళ్లను గుండెకు అదుముకుని నిలబడిపోయింది. 

"ఏటంటోంది కుబ్రక్కా? ఏటంటోంది?"

"నాకు గూడ దగ్గున్నది అంటున్నది," అంది కుబ్రా. "పురుడు కాకముందు సందే ఉన్నదట. చెప్తె కుతుబు పోకుంట ఆగిపోతడని, చున్నీ నోట్ల కుక్కుకొని దగ్గిందట."

పైడమ్మ చూపు కుబ్రా చేతుల్లోని పిల్ల మీదికి పోయింది. ఆ పిల్ల ఏడవడం లేదు. ఇంత గోలలో, ఇలా చేతులు మారినా, ఇంతసేపు ఒక్కసారైనా ఏడ్చిందా? పైడమ్మ వేలితో దాని బుగ్గ తాకింది. కాలిపోతోంది.

అప్పుడే ప్లాట్‌ఫారం మీద ఏదో ధనాలున పడింది. ఆ మాట విన్న కుతుబుద్దీన్ విసిరేసిన పెట్టె. మూత ఊడి, ఇస్త్రీ చేసిన కొత్త చొక్కాలు చెల్లాచెదురైపోయాయి. వేగం అందుకున్న రైలు తలుపులో అతను కమ్మీ పట్టుకుని, ఒక కాలు గాల్లో పెట్టి నిలబడ్డాడు. ప్లాట్‌ఫారం ఇంకో డబ్బా పొడుగు కూడా లేదు.

"దుంకకురా!" అని అరుస్తూ సదయ్య, ఆ మోకాళ్లతోనే, రెండు చేతులూ చాచి అతని వైపు పరుగెత్తాడు.